హామీ రేడియో

“ఇంతకాలం కాగితాల మీదే పడి ఉన్న మా హామీలను ఇక గాలిలోకి వదిలేస్తున్నాం. ఇది చారిత్రక నిర్ణయం” అని హామీల శాఖ మంత్రిగారు ప్రకటించారు. సభ చప్పట్లతో మారుమోగింది. మంత్రిగారు మాట మీద నిలబడే మనిషి. మాట ఎటు జరిగితే అటు జరిగి మరీ దాని మీద నిలబడతారు.

మర్నాడు పొద్దున్న అన్ని పత్రికలూ ఆ వార్తను మొదటి పేజీలో వేశాయి. ప్రభుత్వం ఇచ్చిన, ఇస్తున్న, ఇవ్వబోయే హామీలన్నిటినీ ప్రపంచానికి వినిపించేందుకు మొట్టమొదటి ‘హామీ రేడియో టవర్’ నిర్మిస్తారట. అది పోస్టాఫీసు ఎదురుగా ఉన్న పళ్ళ ఆసుపత్రి మేడ మీద వస్తుందట.

రోజూ పదిమందిని నోరు తెరవమని చెప్పి బతికే పళ్ళ డాక్టరు ఆ వార్త చదివి తనే నోరు తెరిచాడు. ఆ ఆసుపత్రి ఆయనది. ఆ మేడా ఆయనదే. టవర్ కావాలని దరఖాస్తు పెట్టుకున్నదీ ఆయనే. కాకపోతే ఆయన అడిగింది హామ్ రేడియో టవర్.

హామ్ రేడియో అంటే పాటలు వచ్చే రేడియో కాదు. లైసెన్సు తీసుకుని, ఇంట్లో సెట్టు పెట్టుకుని, ఎక్కడో ఉన్న ముక్కూ మొహం తెలియని మనుషులతో కబుర్లు చెప్పుకునే సరదా. డాక్టరుకి ఆ సరదా పెళ్ళికి ముందే పట్టుకుంది కాబట్టి ఆయన భార్య ఆ సెట్టుని ‘పెద్దావిడ’ అనేది. పాపం, ఆయన బాధ ఆయనది. పగలంతా ఆయన కుర్చీలో కూర్చునేవాళ్ళు నోరు తెరుస్తారు గాని మాట్లాడలేరు. సాయంత్రం ఐదయ్యేసరికి మాట్లాడే మనిషి కోసం ఆయన ప్రాణం కొట్టుకుపోయేది.

ఆ మాట్లాడే మనిషి సముద్రం మధ్య ఒక దీవిలో లైట్‌హౌస్ కాపలాదారు. చాలా ఏళ్ళ కిందట ఒక సాయంత్రం ఆయన “పన్ను నొప్పితో చస్తున్నాను, ఎవరైనా ఉన్నారా? ఓవర్” అని గాలిలోకి ఒక కేక పెట్టాడు. ఎన్నో మైళ్ళ ఇవతల ఆ కేక పళ్ళ డాక్టరు చెవినే పడింది. లవంగం ఎక్కడ పెట్టుకోవాలో, ఏ పక్క నమలకూడదో డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. నొప్పి పోయింది, స్నేహం మిగిలింది. అప్పటినుంచీ ఆయన ఈయనకి దీపం అన్నయ్య, ఈయన ఆయనకి పళ్ళ తమ్ముడు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఊళ్ళు తెలుసు గాని ఇళ్ళు తెలియవు. రోజూ సాయంత్రం కలిసే మనిషి అడ్రసు ఎవరడుగుతారు?

అలాంటిది ఒకరోజు అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

“తమ్ముడూ, ఈ ఏడాది ఆఖరి రోజున ఇక్కడి దీపం ఆర్పేసి నన్ను పంపించేస్తున్నారు. ఈ సెట్టు కూడా వాళ్ళదే, తీసేసుకుంటారు. ఈ దీవికి టపా ఎలాగూ రాదు. ఎక్కడికెళ్ళి ఉంటానో నాకే ఇంకా తేలలేదు. ఆ రోజు సాయంత్రం ఐదింటికి సెట్టు దగ్గరుండు, అడ్రసు చెప్తాను. అది గాని తప్పిందా, నువ్వెక్కడో నేనెక్కడో. ఓవర్.”

“ఉంటానన్నయ్యా. ఉండక ఎక్కడికి పోతాను? ఓవర్.”

ఆ వారమే పక్కింటాయన తన మేడ మీద ఇంకో అంతస్తు లేపాడు. రెండు మేడల మధ్యా ఏళ్ళ తరబడి వేలాడుతున్న రేడియో తీగ దానికి అడ్డొచ్చి తెగిపోయింది. సెట్టు మూగబోయింది. ఇక సొంత మేడ మీద సొంత టవర్ నిలబెట్టుకోవడం తప్ప గత్యంతరం లేదు. దానికి మునిసిపాలిటీ అనుమతి కావాలి.

మునిసిపాలిటీలో టవర్ల గుమాస్తా దరఖాస్తుని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

“సెల్ టవరా సార్?”

“కాదండీ.”

“వాటర్ టవరా?”

“కాదు. హామ్ రేడియో టవర్.”

“పోనీ క్లాక్ టవర్ అని రాసుకోమంటారా? గడియారం ఒకటి పెట్టాలి. నడవక్కర్లేదు.”

“గడియారం నాకెందుకండీ? నేను మా అన్నయ్యతో మాట్లాడుకోవాలి. ఇప్పుడు మాటల్లేవు.”

“మా ఇంట్లోనూ అంతే సార్. మా అన్నయ్యా నేనూ మాట్లాడుకుని చాలా కాలమైంది” అని గుమాస్తా నిట్టూర్చి, ఫైలుని అడుగున పెట్టాడు.

అక్కడ అది కుదురుగా కూర్చుంది. డాక్టరు వెళ్ళినప్పుడల్లా “మూవ్ అవుతోంది సార్” అనేవాడు గుమాస్తా. ఉన్నచోటు నుంచి కదలకుండా మూవ్ అయ్యే విద్య ఫైళ్ళకి పుట్టుకతోనే వస్తుంది. ఎండలు పోయాయి, వానలు పోయాయి, చలి వచ్చింది. అప్పుడు ఒకరోజు గుమాస్తా వెలిగిపోతున్న మొహంతో ఎదురొచ్చాడు.

“సార్, మీ ఫైలు ఎందుకు ఆగిపోయిందో ఇన్నాళ్ళకి కనిపెట్టాను! మీరు స్పెల్లింగు తప్పు రాశారు.”

“ఏం తప్పండీ?”

“‘హామ్’ అని ‘మ’కి పొల్లు పెట్టారు. అక్కడ పొల్లు కాదు సార్, గుడి దీర్ఘం. ‘హామీ’! అసలు ‘హామ్’ అనే మాటే మనకి లేదు. అంత చదువుకున్న మీకే గుడులూ దీర్ఘాలూ రాకపోతే మాబోటివాళ్ళ సంగతేమిటి? నేనే దిద్దేశాన్లెండి.”

డాక్టరు “అది కాదండీ” అనేలోగా ఫైలు మునిసిపాలిటీ మెట్లు దిగిపోయింది. హామీలకి సంబంధించిన కాగితం ఏదైనా హామీల శాఖకే వెళ్ళాలని రూలు. అక్కడ మంత్రిగారు, ఎన్నికలు దగ్గరపడ్డాయి, కొత్తగా ఏం ఇవ్వాలా అని దిగులుగా కూర్చుని ఉన్నారు. ఇవ్వడానికి ఏమీ మిగలని మనిషికి, ఇవ్వడాన్నే ఇచ్చేసే యంత్రం ఒకటి దొరికింది. ఆయన ఫైలుని కళ్ళకద్దుకున్నారని గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

పత్రిక చేత్తో పట్టుకుని డాక్టరు వంటింట్లోకి వెళ్ళాడు.

“ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను. ఇది హామీ కాదు, హామ్ అని.”

“చెప్పండి” అంది ఆయన భార్య. ఆసుపత్రిలో టోకెన్లిచ్చేదీ, ఇంట్లో తీర్పులిచ్చేదీ ఆవిడే. “మీరు చెప్తారు, ఫైలు వెనక్కొస్తుంది, పొల్లు మళ్ళీ ఎక్కుతుంది, ఈలోగా అక్కడ మీ అన్నయ్యగారి దీపం ఆరిపోతుంది. ఏమండీ, ఏడాది ఆఖరు ఎంతో దూరం లేదు. టవర్ వచ్చేది మన మేడ మీదకే కదా? దాని పేరు హామీ అయితే మీకేం, బూడిద అయితే మీకేం?”

“అది అబద్ధం కదే!”

“అబద్ధం మీరాడారా? గుడి దీర్ఘం ఆడింది. పళ్ళు బిగబట్టి ఊరుకోండి.”

పళ్ళ డాక్టరు కాబట్టి ఆయన పళ్ళు బిగబట్టాడు.

పని చూడ్డానికి పార్టీ తరఫున జిందాబాద్ వచ్చాడు. అది ఆయన తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఫోనెత్తితే ‘హలో’ బదులు అదే అనేవాడు కాబట్టి లోకం పెట్టింది.

“మీరెన్నడుగుల టవర్ అడిగారు సార్?”

“ముప్ఫై.”

“మంత్రిగారు తొంభై ఇచ్చారు.”

“అంత అక్కర్లేదండీ, మా మేడ ఆగదు.”

“అక్కర్లేనిది ఇస్తేనే సార్ అది వరం. అక్కరున్నది ఇస్తే హక్కు అయిపోతుంది. హక్కులు మా శాఖ కాదు.”

టవర్ ఒక్కరోజులో లేచింది. ఒళ్ళంతా పార్టీ రంగులు. పడిపోకుండా మూడు వైపులా తీగలు లాగి కట్టారు. ఒకటి పోస్టాఫీసు ప్రహరీకి, ఒకటి వీధి దీపం స్తంభానికి, ఒకటి పక్కింటాయన కొత్త అంతస్తుకి. పక్కింటాయన అభ్యంతరం చెప్పబోయాడు గాని, ఆ అంతస్తుకి అనుమతి ఉందా అని జిందాబాద్ మర్యాదగా అడిగేసరికి తనే సుత్తి తెచ్చి మేకు కొట్టిచ్చాడు. డాక్టరు భార్య మర్నాటినుంచి తడి బట్టలు ఆ తీగల మీదే ఆరేసింది.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క చిక్కు తప్ప. టవర్ కొసన యాంటెన్నా ఉండాల్సిన చోట చెయ్యి ఊపుతున్న మంత్రిగారి కటౌట్ ఉంది.

“ఏమండీ, మరి యాంటెన్నా?”

“అదేమిటి సార్?”

“మాట బయటికి పోయేది దానిలోంచే.”

“సార్ ఉండగా మాట పోవడానికి వేరే ఏదో ఎందుకు సార్?” అని జిందాబాద్ మనస్ఫూర్తిగా ఆశ్చర్యపోయాడు. డాక్టరు కాళ్ళావేళ్ళా పడితే, చివరికి కటౌట్ చూపుడువేలికి యాంటెన్నా కట్టుకోనిచ్చారు. దూరంనుంచి చూస్తే మంత్రిగారు పుల్ల పెట్టి ఆకాశం పళ్ళు కుడుతున్నట్టు ఉంది.

ప్రారంభోత్సవం ఏడాది ఆఖరి రోజున సాయంత్రం నాలుగింటికని కార్డులు వేశారు. డాక్టరు లెక్క వేసుకున్నాడు. నాలుగింటికి రిబ్బను, ఆ వెంటనే రెండు ముక్కలు, నాలుగున్నరకల్లా కారు. ఐదింటికి సెట్టూ తనూ అన్నయ్యా. లెక్కలో ఎక్కడా తప్పులేదు, మంత్రిగారు నాలుగింటికి వస్తారనుకోవడం తప్ప.

ఆయన వచ్చేసరికి ఐదుకి కొంచెమే తక్కువ. దిగగానే తలెత్తి టవర్ని చూశారు.

“మూడు తీగలూ ఎటువాటికవే లాగుతున్నాయి. అయినా నిలబడిందే!”

“లాగుతున్నాయి కాబట్టే నిలబడిందండీ” అన్నాడు డాక్టరు.

“అయితే మా సంకీర్ణ ప్రభుత్వమే!” అని మంత్రిగారు పొంగిపోయారు. ఆయన అలా పొంగినప్పుడే విలేఖరులు ఫోటోలు తీసుకున్నారు.

సెట్టు ఉండే వెనకగది కెమెరాలకి చాలదన్నారు. అందుకని సెట్టుని తెచ్చి ముందుగదిలో పెట్టారు. మంత్రిగారి హోదాకి తగిన కుర్చీ ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. రోగుల కుర్చీ. పైకెత్తొచ్చు, వెనక్కి వాల్చొచ్చు, మొహం మీద లైటు కూడా ఉంది. మంత్రిగారు అందులో కూర్చోబోతూ ఒక్క క్షణం తటపటాయించారు. ఆయనకి భయమంటే ఏమిటో తెలియదు. ప్రతిపక్షమన్నా, కోర్టులన్నా, ప్రజలన్నా లెక్కలేదు. పన్ను తొలిచే మెషీను చప్పుడు ఒక్కటే ఆయనకి పడదు. ఎప్పుడో ఒకసారి వైద్యానికొచ్చి ఆ చప్పుడుకి కుర్చీ చేతులు పట్టుకున్న పట్టుకి, ఆయన గోళ్ళ గుర్తులు రెగ్జిన్ మీద ఇంకా అలాగే ఉన్నాయి.

డాక్టరు మైకు చేతికిచ్చి పద్ధతి చెప్పాడు.

“ఈ బటన్ నొక్కి మాట్లాడాలి సార్. మాట అయ్యాక ‘ఓవర్’ అని బటన్ వదిలేయాలి. వదిలితేనే అవతలివాళ్ళ మాట మనకి వినపడుతుంది.”

మంత్రిగారు మొహం చిట్లించారు. “ఓవర్ అంటే?”

“అయిపోయిందని సార్.”

“ఎవరి పని?”

“పని కాదు సార్, మాట.”

“ఎన్నికల ముందు నా నోటితో నేనే అయిపోయిందని చెప్పుకోవాలా? ఇది నీకు ప్రతిపక్షంవాళ్ళు నేర్పారా?”

“‘ఓవర్’ వద్దు సార్. ‘ఇంకా ఉంది’ అందాం” అన్నాడు జిందాబాద్.

“పోనీ బటన్ వదలడం మాత్రం మరిచిపోకండి సార్” అని డాక్టరు చేతులు నలుపుకున్నాడు.

“చేతికొచ్చింది వదిలేసే అలవాటు మా పార్టీలో లేదు డాక్టర్!” అని మంత్రిగారు నవ్వి, బటన్ నొక్కారు.

“ప్రపంచ ప్రజలారా! ఈ మన ఊళ్ళో, పోస్టాఫీసు వీధిలో, పోస్టాఫీసుకి సరిగ్గా ఎదురుగా ఉన్న ఈ పళ్ళ ఆసుపత్రి మేడ మీదనుంచి మీకు హామీ ఇస్తున్నాను! ప్రతి నదికీ ఒక వంతెన కట్టిస్తాం. నది లేని ఊళ్ళకి వంతెన ముందు, నది తరవాత!”

చప్పట్లు. గోడ మీద గడియారం ఐదు కొట్టింది.

“మన ఊళ్ళో, పోస్టాఫీసు వీధిలో, పోస్టాఫీసుకి సరిగ్గా ఎదురుగా ఉన్న ఈ పళ్ళ ఆసుపత్రి మేడ మీదనుంచి ఇంకో హామీ ఇస్తున్నాను! నిరుద్యోగులందరికీ సెలవులు ఇప్పిస్తాం!”

మంత్రిగారి శైలి అది. ఏ హామీనీ ఆయన చిరునామా లేకుండా ఇవ్వరు. ఎక్కడ నిలబడి ఇచ్చారో మళ్ళీ ఎవరికీ అనుమానం రాకూడదంటారు. ఒక హామీ, దాని ముందు ఊరూ వీధీ మేడా. ఇంకో హామీ, మళ్ళీ ఊరూ వీధీ మేడా. బటన్ మీద బొటనవేలు తెల్లబడింది గాని లేవలేదు.

అన్నయ్య అక్కడ పిలుస్తూ ఉంటాడు. బటన్ నొక్కి ఉన్నంతసేపూ ఆ పిలుపు ఈ గదిలోకి రాదు. “సార్, ఒక్కసారి వదలండి సార్” అని డాక్టరు గొణిగాడు. జిందాబాద్ “ఉష్” అన్నాడు. డాక్టరు సైగ చేశాడు, కాగితం మీద రాసి చూపించాడు. మంత్రిగారు ఆ కాగితం తీసుకుని సంతకం పెట్టి ఇచ్చేశారు. గడియారం ముల్లు ఆరుకి దగ్గరపడుతోంది. డాక్టరుకి నిజంగా ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళుగా నోరు తెరిపించడమే నేర్చుకున్నాడు గాని మూయించడం ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

అప్పుడు ఆయన భార్య గుమ్మంలోంచి ఆయన కాలివైపు చూసింది. ఆయన కూడా తన కాలివైపు చూసుకున్నాడు. కుర్చీ పక్కన, నేల మీద, పన్ను తొలిచే మెషీను పెడలు.

తొక్కాడు.

‘గుయ్య్‌...’మని మెషీను పాడింది. మంత్రిగారి మాట గొంతులో ఆగిపోయింది. మైకు ఒళ్ళో పడింది. రెండు చేతులూ వెళ్ళి కుర్చీ చేతుల్ని, సరిగ్గా పాత గోళ్ళ గుర్తుల మీదే, పట్టుకున్నాయి. అలవాటు కొద్దీ నోరు బారెడు తెరుచుకుంది. గదంతా గరగరమంది. ఆ గరగరలోంచి ఒక గొంతు వచ్చింది.

“...తమ్ముడూ, వినపడుతోందా? గంటనుంచీ నీ దారిలో ఎవరో మాట్లాడుతున్నారు. సిగ్నల్ చాలా బలంగా ఉంది. విషయమే ఏమీ అందలేదు. ఇక్కడ మెట్ల దగ్గర మనుషులొచ్చి నిలబడ్డారు, దీపం ఆర్పేస్తారట. అడ్రసు చెప్తున్నాను, రాసుకో...”

డాక్టరు పెన్ను కోసం బల్లవైపు ఒక్క ఉదుటున వెళ్ళాడు. కాలు పెడలు మీదనుంచి లేచింది. మెషీను ఆగింది. మంత్రిగారికి ప్రాణం లేచొచ్చింది, మైకు చేతికొచ్చింది.

“రాసుకుంటాం అన్నయ్యా! తప్పకుండా రాసుకుంటాం! నీ సమస్య ఏదైనా సరే, పోస్టాఫీసుకి సరిగ్గా ఎదురుగా ఉన్న ఈ పళ్ళ ఆసుపత్రి మేడ మీదనుంచి పరిష్కరిస్తామని హామీ ఇస్తున్నాను!”

ఆయన ఊపిరి తీసుకోడానికి బటన్ వదిలేసరికి స్పీకర్లో గరగర తప్ప ఏమీ లేదు. డాక్టరు పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. “అన్నయ్యా, వినపడుతోందా? ఓవర్.” ఎవరూ పలకలేదు.

“ఏమిటి, జనం ఏమంటున్నారు?” అని మంత్రిగారు అడిగారు.

“నోట మాట రాక అలా ఉండిపోయారు సార్” అన్నాడు జిందాబాద్.

కార్లు వెళ్ళిపోయాక మేడ మీద టకటకమని చప్పుళ్ళు వినపడ్డాయి. డాక్టరు పరిగెత్తుకెళ్ళి చూస్తే, జిందాబాద్ దగ్గరుండి టవర్ని ముక్కలుగా విప్పిస్తున్నాడు.

“ఇదేమిటండీ!”

“రేపు పక్క నియోజకవర్గంలో దీనికే ప్రారంభోత్సవం సార్. తెల్లారేసరికి అక్కడ నిలబెట్టాలి.”

“మరి నా టవరో?”

“మీ ఫైల్లో ఏముంది సార్? హామీ. ఇచ్చేశాం కదా! మంత్రిగారు స్వయంగా కూర్చుని గంటసేపు ఇచ్చారు. ఈ రోజుల్లో అంతసేపు ఎవరిస్తారు సార్?”

డాక్టరు భార్య తీగల మీది బట్టలు ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకుంది. “నేను మిమ్మల్ని పళ్ళు బిగబట్టమనకుండా ఉండాల్సింది” అంది. ఆవిడ అలా ఒప్పుకోవడం కాపురంలో అదే మొదలు.

మర్నాడు పత్రికలన్నీ ఒకే మాట రాశాయి: “మంత్రిగారి సిగ్నల్ చాలా బలంగా ఉంది. సముద్రం మధ్యనుంచి ప్రశంస.”

కొన్నాళ్ళు గడిచాయి. వెనకగదిలో సెట్టు మీద గుడ్డ కప్పి ఉంది. సాయంత్రం ఐదయితే డాక్టరు ఆ గదివైపు వెళ్ళబోయి, గుమ్మం దాకా వెళ్ళి, తిరిగొచ్చేవాడు. ఆయన భార్య ఏవో కబుర్లు మొదలుపెట్టేది. ఆయన వినేవాడు గాని, ప్రతి మాట చివరా ఇంకేదో వినపడాలన్నట్టు ఆగేవాడు.

అలాంటి ఒక సాయంత్రం, టోకెన్లు అయిపోయాక, ఎండకి కమిలిన ఒక పెద్దమనిషి గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చేతిలో సంచీ ఉంది. రెండో చెయ్యి చెంప మీద ఉంది.

“పన్ను నొప్పితో చస్తున్నాను, ఎవరైనా ఉన్నారా? ఓవర్.”

డాక్టరు చేతిలో ట్రే కింద పడింది. “అన్నయ్యా!” అని ఎదురెళ్ళి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. చూసి ఎరగని ఆ మొహాన్ని తడిమి తడిమి చూసుకున్నాడు. ఆయన భార్య కళ్ళు తుడుచుకుంటూ కుర్చీ లాగింది.

“ఇల్లెలా తెలిసింది అన్నయ్యగారూ?”

“మీ మంత్రిగారు చెప్పారు కదమ్మా! ఊరెలాగూ తెలుసు. వీధి, పోస్టాఫీసుకి సరిగ్గా ఎదురుగా, పళ్ళ ఆసుపత్రి. ఒకసారి కాదు, గంటసేపు చెప్పారు. గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను. ఓవర్.”

డాక్టరు రోగుల కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి వెనక్కి వాల్చాడు.

“మరి అడ్రసు కాకుండా ఇంకా ఏం చెప్పారన్నయ్యా? అంతసేపు మాట్లాడారే!”

అన్నయ్య కళ్ళు మూసుకుని ఆలోచించాడు. “చెప్పారు తమ్ముడూ. చాలా చెప్పారు. అదేమిటో... నోటిదాకా వస్తోంది గాని... ఓవర్.”

“ఏదీ, నోరు తెరవండి” అని డాక్టరు లైటు వేశాడు. మూలమూలలా అద్దం పెట్టి చాలాసేపు వెతికాడు. పుచ్చు తప్ప ఏమీ కనపడలేదు.